కంపెనీ ఉచితంగా ఇచ్చే జెనెటిక్ టెస్ట్ చేయించుకోవచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: డల్లాస్‌లో హెచ్‌1బీ మీద ఐటీ ఉద్యోగం, వయసు 33. కంపెనీ ఈ ఏడాది వెల్‌నెస్ బెనిఫిట్ కింద జెనెటిక్ టెస్ట్ కిట్ ఉచితంగా ఇస్తోంది. ఖమ్మంలో ఉండే అమ్మకు 44వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గింది. టీమ్‌లో కొందరు "కంపెనీ చేతికి డీఎన్‌ఏ ఇస్తావా?" అని భయపెడుతున్నారు. భర్త "ఫ్రీయే కదా, చేయించేసుకో" అంటున్నారు. ఊళ్లో చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. ఏం చేయాలి?

ముందు సూటిగా చెప్పేస్తాను. మీరు టెస్ట్ చేయించుకోవాలి. కానీ ఆ కిట్‌తో వద్దు, ఇప్పటికిప్పుడే వద్దు. మీకన్నా ముందు అమ్మగారికి చేయించాలి. అంతకన్నా ముందు మీ పేరు మీద ఒక టర్మ్ పాలసీ, అంటే లైఫ్ ఇన్సూరెన్స్, ఉండాలి. ఈ వరస ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగ్గానే రాయాలి.

అమెరికాలో కంపెనీలకు ఉద్యోగుల హెల్త్ ప్లాన్లు కుదిర్చి, నడిపించే పని నాది. డాక్టర్‌ని కాను, లాయర్‌ని కాను. అయితే ఇలాంటి బెనిఫిట్ ప్రకటించిన మర్నాడు ఉద్యోగులు ఏమడుగుతారో చాలా ఏళ్లుగా వింటున్నాను. మీటింగులో ఎవరూ నోరు విప్పరు. అందరూ మ్యూట్‌లోనే ఉంటారు. సాయంత్రానికి ఒక్కొక్కరుగా మెసేజ్‌లు పెడతారు. "రిజల్ట్ మా మేనేజర్‌కి కనిపిస్తుందా?" "ఏదైనా తేడా వస్తే వీసా ఎక్స్‌టెన్షన్ ఆపేస్తారా?" "మా నాన్నకి గుండెజబ్బు అని రాయాలా, ఖాళీగా వదిలేయొచ్చా?" అడిగేవాళ్లలో సగం మందికి సైన్స్ మీద అనుమానం లేదు. కంపెనీ మీదే అనుమానం.

అలాగని అందరూ భయపడతారనీ అనుకోవద్దు. లెవీ స్ట్రాస్ కంపెనీ 2017లో శాన్‌ఫ్రాన్సిస్కో హెడ్డాఫీసులో కొన్ని వంశపారంపర్య క్యాన్సర్లకూ కొలెస్ట్రాల్‌కూ ఉచితంగా జెనెటిక్ టెస్ట్ పెట్టింది. అర్హత ఉన్న 1,100 మందిలో సగానికి పైగా చేయించుకున్నారు. అంతమంది వస్తారని కంపెనీ పెద్దలే ఊహించలేదు. అదే టెస్టును లేఆఫ్‌లు జరిగిన ఏడాది ఇంకో కంపెనీలో పెడితే కిట్లు అలమరాలోనే ఉండిపోతాయి. రెండు రకాలూ చూశాను. కంపెనీ తనను ఎలా చూసుకుంటోందన్న దాన్ని బట్టే ఉద్యోగి ట్యూబులో ఉమ్ముతాడో లేదో తేలుతుంది. కరపత్రంలో రాసిన సైన్స్ వల్ల తేలేది చాలా తక్కువ.

మీ టీమ్‌వాళ్ల భయానికి చరిత్ర ఉంది. దాన్ని తీసిపారేయకూడదు. బర్లింగ్టన్ నార్తర్న్ శాంటా ఫే రైల్వేలో ట్రాక్ పని చేసేవాళ్లకు మణికట్టు నరం నొక్కుకుపోయి చేతులు తిమ్మిరెక్కే జబ్బు వచ్చేది. కార్పల్ టన్నెల్ అంటారు. పని వల్లే వచ్చిందని పరిహారం అడిగితే, మెడికల్ పరీక్ష పేరుతో వాళ్ల రక్తం తీసి, చెప్పకుండా జెనెటిక్ టెస్ట్ చేయించింది కంపెనీ. జబ్బు పని వల్ల కాదు, పుట్టుకతో వచ్చిందే అని తేల్చాలన్నది ఎత్తుగడ. ఒక కార్మికుడి భార్య నర్సు. మణికట్టు నొప్పికి ఇంత రక్తం ఎందుకని ఆవిడకు అనుమానం వచ్చింది, అక్కడి నుంచే గుట్టు బయటపడింది. 2001లో సమాన ఉపాధి అవకాశాల కమిషన్ (ఈఈఓసీ అంటారు) కేసు వేసింది. మరుసటి ఏడాది కంపెనీ 36 మందికి కలిపి 22 లక్షల డాలర్లు కట్టి రాజీకి వచ్చింది.

ఆ తర్వాతే 2008లో జీనా చట్టం వచ్చింది. ప్రతినిధుల సభలో 414 మంది అనుకూలం, ఒకే ఒక్కరు వ్యతిరేకం. సెనేట్‌లో ఒక్క ఓటు కూడా వ్యతిరేకంగా పడలేదు. ఆ చట్టం ప్రకారం 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ఏ యజమానీ జెనెటిక్ సమాచారాన్ని చూసి ఉద్యోగం ఇవ్వడం, తీసేయడం, ప్రమోషన్ ఆపడం చేయకూడదు. హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ దాన్ని చూసి ప్రీమియం పెంచకూడదు. మీ అమ్మగారి క్యాన్సర్ సంగతి కూడా చట్టం దృష్టిలో మీ జెనెటిక్ సమాచారమే. వీసా మీద ఉన్నవాళ్లకూ ఇదంతా వర్తిస్తుంది.

ఈ చట్టం కింద జ్యూరీ ముందుకు వెళ్లిన మొదటి కేసు నవ్వు తెప్పిస్తుంది. అట్లాంటాలో ఒక గోడౌన్‌లో ఎవరో పదేపదే మలవిసర్జన చేసి పోతున్నారు. అది ఎవరి పనో పట్టుకుందామని కంపెనీ ఇద్దరు ఉద్యోగుల బుగ్గల లోపలి నుంచి శాంపిల్ తీయించి డీఎన్‌ఏ పోల్చి చూసింది. వాళ్లిద్దరూ కాదని తేలింది. వాళ్లు ఊరుకోకుండా కోర్టుకెళ్లారు. 2015లో జ్యూరీ వాళ్లకు 22 లక్షల డాలర్లకు పైగా ఇవ్వాలంది. చట్టంలో పరిమితి ఉండటంతో తర్వాత అది బాగా తగ్గింది. అయినా ఆ తీర్పు తర్వాత కంపెనీల లాయర్లు జీన్ అనే మాట వింటేనే జాగ్రత్తపడుతున్నారు. ఇల్లినాయ్‌లో రాష్ట్ర చట్టం ఇంకా గట్టిది. ఉద్యోగంలో చేరే ముందు చేసే మెడికల్‌లో "మీ ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా?" అని అడిగినందుకే అక్కడ కంపెనీల మీద వరసగా కేసులు పడుతున్నాయి. నేపర్‌విల్, షామ్‌బర్గ్ వైపు ఉన్న మనవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కాబట్టి మేనేజర్ స్క్రీన్ మీద మీ రిజల్ట్ కనబడుతుందన్న టెన్షన్ వదిలేయండి. వెల్‌నెస్ కింద చేసే టెస్టులో మనిషి పేరుతో ఉన్న రిపోర్టు మీకు, మీ డాక్టర్‌కి లేదా జెనెటిక్ కౌన్సెలర్‌కి మాత్రమే వెళ్లాలి. కంపెనీకి మొత్తం లెక్కలే వెళ్లాలి, "ఇంతమంది చేయించుకున్నారు, ఇంతమందికి రిస్క్ ఉంది" అన్నట్టు. టెస్ట్ చేయించుకుంటే గిఫ్ట్ కార్డు ఇస్తామనడం కూడా కుదరదు. హెల్త్ సర్వే నింపినందుకు గిఫ్ట్ కార్డు ఇస్తుంటే, ఫ్యామిలీ హిస్టరీ ప్రశ్నలు ఖాళీగా వదిలేసినవాళ్లకూ ఇవ్వాల్సిందే. ఆ మాట ఫారంలో స్పష్టంగా రాసి ఉండాలి. ఈ నిబంధనను సడలించాలని 2017లో ఒక బిల్లు పెట్టారు. కమిటీ దాటింది గానీ సభలో ఓటింగ్ దాకా రాలేదు.

మరి భయం ఎక్కడ ఉండాలి? హెచ్‌ఆర్‌వాళ్లు చెప్పని చోట్ల. వాళ్లు దాచి పెడతారని కాదు, చాలామందికి తెలియదు.

జీనా లైఫ్ ఇన్సూరెన్స్‌ను ముట్టుకోదు. డిజెబిలిటీ ఇన్సూరెన్స్, ముసలితనంలో సంరక్షణకిచ్చే లాంగ్‌టర్మ్ కేర్ పాలసీ కూడా దాని పరిధిలో లేవు. ఫ్లోరిడా 2020లో సొంతంగా చట్టం చేసి ఈ మూడింట్లోనూ టెస్ట్ రిజల్ట్ వాడకూడదంది. మీరున్న చోట దాని మీద ఆశ పెట్టుకోవద్దు. కెనడాలో 2017 చట్టం ఇన్సూరెన్స్‌కూ ఉద్యోగానికీ రెండింటికీ వర్తిస్తుంది, టొరంటోలో ఉన్నవాళ్లకు ఈ బెడద లేదు. మీకు ఉంది. రొమ్ము క్యాన్సర్ ముప్పుతో ముడిపడ్డ బీఆర్‌సీఏ1 అనే జన్యువులో ప్రమాదకరమైన మార్పు ఉందని ఒకసారి మీ మెడికల్ రికార్డులో పడ్డాక టర్మ్ పాలసీకి వెళితే, వాళ్లు మీ సంతకంతోనే ఆ రికార్డులు తెప్పించుకుని చూస్తారు. రేటు పెంచొచ్చు, పాలసీ ఇవ్వననొచ్చు. అందుకే పాలసీ ముందు, టెస్ట్ తర్వాత. అప్లికేషన్‌లో అమ్మగారి క్యాన్సర్ గురించి అడుగుతారు, ఉన్నదున్నట్టు రాయండి. అక్కడ అబద్ధం రాస్తే రేపు క్లెయిమ్ సమయంలో మీ ఇంట్లోవాళ్లు బాధపడతారు. చేయించుకోని టెస్ట్ గురించి చెప్పాల్సింది మాత్రం ఏమీ ఉండదు. కంపెనీ ఇచ్చే గ్రూప్ లైఫ్‌లో కొంత మొత్తం దాకా ఆరోగ్య ప్రశ్నలే ఉండవు, కొత్తగా చేరినప్పుడు దాన్ని గరిష్ఠంగా తీసుకోవడం మంచిది. ఉద్యోగం మారితే అది పోతుంది కాబట్టి దాని మీదే ఆధారపడకండి.

రెండోది క్లెయిమ్‌ల సంగతి. అమెరికాలో పెద్ద కంపెనీలు చాలావరకు ఉద్యోగుల వైద్య ఖర్చు తామే భరిస్తాయి. కార్డు మీద ఇన్సూరెన్స్ కంపెనీ పేరుంటుంది గానీ వాళ్లు బిల్లులు చూసే గుమాస్తాలు మాత్రమే, డబ్బు మీ యజమానిది. బీఆర్‌సీఏ పాజిటివ్ వచ్చినవాళ్లకు 25 ఏళ్ల నుంచి ఏటా రొమ్ము ఎంఆర్‌ఐ, 30 నుంచి మామోగ్రామ్ కూడా చేయాలంటారు. ఆ బిల్లులు ప్లాన్‌కే వెళ్తాయి. పేర్లు తీసేసిన ఖర్చుల రిపోర్టు మూడు నెలలకోసారి కంపెనీ ఫైనాన్స్‌వాళ్ల ముందుకు వస్తుంది. వేలమంది ఉన్నచోట అందులో మిమ్మల్ని ఎవరూ గుర్తుపట్టలేరు. అరవై, డెబ్బై మంది ఉన్న కన్సల్టింగ్ కంపెనీలో "ముప్ఫైల్లో ఉన్న మహిళ, రొమ్ముకు సంబంధించిన ఖర్చు" అని ఒక వరస కనబడితే ఊహించడం కష్టమేం కాదు. మనవాళ్లు చాలామంది అలాంటి చిన్న కంపెనీల జీతాల జాబితాలోనే ఉంటారు కాబట్టి చెబుతున్నాను. ఇంకొకటి, జబ్బు నిజంగా వచ్చాక జీనా రక్షణ ఆ జబ్బుకు ఉండదు. అప్పుడు వికలాంగుల హక్కుల చట్టం ఏడీఏ చూసుకుంటుంది.

మూడోది కన్సెంట్ ఫారం. ఫోన్‌లో వస్తుంది, కిందికి లాగి "ఐ అగ్రీ" నొక్కేస్తాం. ఒక్కసారి ఆగి చదవండి. టెస్ట్‌కు ఒప్పుకోవడం ఒక పెట్టె. దాని కింద, మీ డేటాను పరిశోధనకు వాడుకోనివ్వడం ఇంకో పెట్టె ఉంటుంది, దాన్ని టిక్ చేయకపోయినా టెస్ట్ ఆగకూడదు. శాంపిల్ ఎన్నాళ్లు ఉంచుతారు, ధ్వంసం చేయమని ఎవరికి రాయాలి, మీ కంపెనీ వచ్చే ఏడాది ఈ ల్యాబ్‌తో కాంట్రాక్టు మానేస్తే మీ డేటా ఏమవుతుంది, ల్యాబ్‌నే ఎవరైనా కొనేస్తే ఏమవుతుంది అన్నవి వెతకండి. చివరి ప్రశ్న ఊహించి రాసింది కాదు. ఇంటికే కిట్ పంపే 23అండ్‌మీ కంపెనీలో 2023లో 69 లక్షల మంది సమాచారం బయటికి పోయింది. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, జూలైలో చేతులు మారింది. అది ఆఫీసు టెస్ట్ కాదు, కానీ డీఎన్‌ఏ డేటా అమ్మకానికి వచ్చే ఆస్తే అని అందరికీ అర్థమైంది అప్పుడే. అలాగే హెచ్‌ఆర్‌ను ఒక్క ప్రశ్న అడగండి, మెయిల్‌లో: "ఇది మన గ్రూప్ హెల్త్ ప్లాన్‌లో భాగమా, లేక కంపెనీ విడిగా ఇస్తున్నదా?" ప్లాన్‌లో భాగమైతే వైద్య గోప్యత చట్టం హిపా వర్తిస్తుంది. విడిగా ఇస్తే వర్తించకపోవచ్చు. సూటిగా జవాబు రాకపోతే అదే మీకు జవాబు.

ఇక హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నుంచి దీన్ని చదువుతున్నవాళ్లకు. అక్కడ జీనా లాంటి చట్టమే లేదు. 2018లో ఢిల్లీ హైకోర్టు, జెనెటిక్ జబ్బు అన్న మాట చూపి హెల్త్ క్లెయిమ్ తోసిపుచ్చడం వివక్షే అంది, ఆ తర్వాత ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కూడా అలాంటి మినహాయింపు పాలసీల్లో పెట్టొద్దని చెప్పింది. అది ఇన్సూరెన్స్ వరకే. ఉద్యోగం విషయంలో 2023 డిజిటల్ డేటా చట్టం ఉంది కదా అంటారు. దాని 7వ సెక్షన్ చదవండి. ఉద్యోగ అవసరాల కోసం, ఉద్యోగి అడిగిన సదుపాయం ఇవ్వడం కోసం యజమాని వ్యక్తిగత సమాచారాన్ని విడిగా సమ్మతి తీసుకోకుండానే వాడుకోవచ్చని ఉంది. పైగా ఏటా చేసే హెల్త్ చెకప్ రిపోర్టుల లింకు హెచ్‌ఆర్ కోఆర్డినేటర్‌కు కూడా వెళ్లే చోట్లు నేను చూశాను. హైదరాబాద్‌లో కంపెనీ చెకప్‌తో పాటు "డీఎన్‌ఏ ప్యాకేజీ" ఇస్తానంటే నా సలహా ఒక్కటే, అవసరమనిపిస్తే సొంత డబ్బుతో చేయించుకోండి.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. చెల్లి సంబంధాల మాట మీరు ప్రశ్న చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు రాశారు. మనవాళ్లతో మాట్లాడినప్పుడల్లా అసలు భయం ఇదే అని నాకనిపిస్తుంది. అమెరికన్ సహోద్యోగి యజమానికి తెలియకూడదనుకుంటాడు. మనం పెళ్లిళ్ల పేరయ్యకూ మేనత్తకూ తెలియకూడదనుకుంటాం. దాని నుంచి ఏ చట్టమూ కాపాడదు. "అమ్మకి ఏదో గడ్డ, తీసేశారు" అని చుట్టాలకు చెప్పి సరిపెట్టిన ఇళ్లు నాకు చాలా తెలుసు. ఆ ఇంటి పిల్లలకే రేపు డాక్టర్ అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. కొన్ని జన్యు సంగతులు దాస్తే ప్రాణం మీదికి వస్తుంది కూడా. ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి ఒక ఎంజైమ్ లోపం ఉంటుంది, హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దాని మీద పనిచేశారు. ఆపరేషన్ ముందు ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు అలాంటివాళ్లకు పడదు, కొద్ది నిమిషాల్లో వదలాల్సిన ప్రభావం గంటల తరబడి ఉండి ఊపిరి కండరాలు పనిచేయవు. ఇంట్లో ఎవరికైనా అలా జరిగిందని మత్తు డాక్టర్‌కు ముందే చెబితే వేరే మందు వాడతారు. మీ ఆఫీసు కిట్‌లాంటి క్యాన్సర్, కొలెస్ట్రాల్ ప్యానెళ్లలో (ఒకేసారి కొన్ని జన్యువులను చూసే పరీక్షల్లో) దీన్ని చూడరు. దీన్ని బయటపెట్టగలిగేది ఇంట్లోవాళ్ల నోరే.

ఆ కిట్ ఎందుకు వద్దన్నానంటే, అన్ని ఆఫీసు కిట్లూ పనికిరానివని కాదు. కొన్ని ఆస్పత్రి స్థాయివే, కౌన్సెలర్‌తో మాట్లాడే ఏర్పాటూ ఉంటుంది. ఇంట్లో ఎవరికీ క్యాన్సర్ లేనివాళ్లు ఫారం సరిగ్గా చదువుకుని చేయించుకుంటే నేను వద్దనను. వంశపారంపర్య కొలెస్ట్రాల్ జబ్బు దాదాపు 250 మందిలో ఒకరికి ఉంటుంది, అది అలా బయటపడితే లాభమే. మీ పరిస్థితి వేరు. మీరు నెగెటివ్ వచ్చిందనుకోండి. అమ్మగారి జన్యువులో ఏ మార్పు ఉందో, అసలు ఉందో లేదో తెలియకుండా వచ్చిన నెగెటివ్ అది. ఆమె క్యాన్సర్‌కు కారణమైనది ఆ ప్యానెల్ చూడని చోట ఉండొచ్చు, జన్యువులతో సంబంధమే లేకపోవచ్చు. తాళం ఏదో తెలియకుండా చేతిలో ఉన్న తాళంచెవిని పరీక్షించినట్టు ఉంటుంది. పైగా క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది మాత్రమే. "నెగెటివ్ వచ్చింది కదా" అని మామోగ్రామ్ మానేసేవాళ్లను చూస్తే నాకు పాజిటివ్ వచ్చినవాళ్ల కన్నా వాళ్ల గురించే బెంగ.

ఇంకో ఇబ్బంది మనకే ఎక్కువ. ఈ పరీక్షల వెనకున్న డేటాలో యూరప్ మూలాలవాళ్లదే పెద్ద వాటా. అందుకని మనవాళ్ల రిపోర్టుల్లో "మార్పు కనబడింది, మంచిదో చెడ్డదో తెలియదు" అన్న ఫలితం వాళ్లకన్నా తరచుగా వస్తుంది. దాన్ని పాజిటివ్ అనుకుని నిద్రపోనివాళ్లున్నారు. ఆ ఫలితం చూసి ఎవరూ ఆపరేషన్ లాంటి నిర్ణయాలు తీసుకోకూడదు. సూపర్‌మార్కెట్ తరహా కిట్లతో ఇంకో చిక్కు, 23అండ్‌మీ బీఆర్‌సీఏ టెస్ట్‌కు 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చినప్పుడు అది చూసింది అష్కెనాజీ యూదుల్లో ఎక్కువగా కనబడే మూడు మార్పులనే. ఖమ్మం అమ్మాయికి దానివల్ల తెలిసేది దాదాపు ఏమీ లేదు.

కాబట్టి చేయాల్సింది ఇది. టర్మ్ పాలసీ చేతికొచ్చాక మీ ప్రైమరీ కేర్ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుని "అమ్మకు 44లో రొమ్ము క్యాన్సర్" అని చెప్పండి. మీలాంటి ఫ్యామిలీ హిస్టరీ ఉన్న మహిళలకు రిస్క్ లెక్క, కౌన్సెలింగ్, అవసరమైతే బీఆర్‌సీఏ టెస్ట్ కూడా చాలా ప్లాన్లలో కోపే (మన చేతి నుంచి కట్టే వాటా) లేకుండా ఇవ్వాల్సిందే, నెట్‌వర్క్‌లో చేయించుకుంటే. అంటే మీ భర్త అన్న "ఫ్రీ" ఇటువైపు కూడా ఉంది, కౌన్సెలర్‌తో సహా. ఈలోగా అమ్మగారికి ఇండియాలో టెస్ట్ చేయించండి. 50 లోపు రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు అది చేయించమనే డాక్టర్లు చెబుతారు. ఆమెలో మార్పు దొరికితే మీకూ చెల్లికీ, ఉంటే తమ్ముడికీ, ఒక్కొక్కరికి అది రావడానికి సగం అవకాశం. మగవాళ్లకేంటి అనొద్దు, ప్రొస్టేట్, క్లోమం క్యాన్సర్లకు ఇవే జన్యువులు కారణం కావొచ్చు. అప్పుడు ఆ ఒక్క చోట చూస్తే చాలు, మీ నెగెటివ్‌కు నిజంగా అర్థం ఉంటుంది. ఆమెలో ఏమీ దొరక్కపోతే మీకు టెస్ట్ అవసరమా అన్నది కౌన్సెలర్‌తో మాట్లాడి తేల్చుకోవచ్చు, మామోగ్రామ్‌లు ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మాత్రం ఎలాగూ అడగాలి.

చెల్లికి చెప్పకుండా ఇదంతా చేయొద్దు. ఆమె పెద్దయిన ఆడపిల్ల, తెలుసుకోవాలో వద్దో ఆమే చెప్పాలి. "పెళ్లయ్యాక చూద్దాం" అంటే అది ఆమె ఇష్టం, ఒకటి రెండేళ్లలో కొంప మునగదు. కానీ పెళ్లి పేరుతో అమ్మగారి టెస్ట్ ఆపొద్దు.

అమ్మగారికి ఫోన్ చేసినప్పుడు పాత ఫైల్‌లోంచి బయాప్సీ రిపోర్టు ఫొటో తీసి పంపమనండి. అందులో ఈఆర్, పీఆర్, హెర్2 అని, క్యాన్సర్ ఏ రకమో తెలిపే మూడు వరసలు ఉంటాయి. మూడూ నెగెటివ్ అని ఉంటే కౌన్సెలర్‌కు మొదట ఆ పేజీనే చూపించండి, బీఆర్‌సీఏ1 మీద అనుమానం అక్కడే పెరుగుతుంది.